నల్లరాయి పేరు మీద పేచీ

సమర్‌స్కైట్ అనే ఖనిజం పేరు మీద పుత్తూరులో ఒక మేనమామకూ మేనల్లుడికీ పొత్తు కుదరలేదు. మామ పడుచువాడుగా ఉన్నప్పుడే గూడూరు పక్క మైకా గనిలో పనికి కుదిరి, గనులు మూతపడేదాకా అక్కడే ఉన్నాడు. అల్లుడు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివి, ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. కాలేజీలో రాళ్ల అలమరను సర్ది, కొత్త లేబుళ్లు రాసే పని అతని మీద పడింది. మామ గని రోజుల్లో ఎత్తిపెట్టుకున్న నల్లరాయి ముక్క ఒకటి ఆ అలమరకు ఇస్తానన్నాడు. నిమ్మకాయంత ముక్క. లేబుల్ మీద మొదటి గడి దగ్గరే తగాదా మొదలయింది.

“నల్లరాయి అని రాయిరా. గనిలో అందరం అదే కదా అంటా ఉండేది” అన్నాడు మామ.

“మైకా గనిలో నల్లరాళ్లు నాలుగైదు రకాలు ఉంటాయి మామా. ఏ నల్లరాయి అని అడుగుతారు.”

“చేతిలో పెట్టుకుంటే తెలీదా ఏది ఏదని?”

మామ మాటలో గొప్పలు లేవు. గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల్లో భూమి కింద పెగ్మటైట్ అనే శిల బారులు తీరి ఉంటుంది. కరిగిన శిలాద్రవం చిట్టచివరగా, నీటితో కలిసి గట్టిపడినప్పుడు ఏర్పడే శిల అది. ఆ నీటివల్ల ద్రవం పలచబడి, పెద్ద స్ఫటికాలు పెరగడానికి వీలవుతుంది. అందుకే అక్కడ పలకలు పలకలుగా ఊడే అభ్రకం దొరికింది. మామూలు శిలల్లో చోటు దొరకని అరుదైన లోహాలు కూడా ఆ చివరి ద్రవంలోనే పోగుపడతాయి. నయోబియం, టాంటలమ్, యురేనియం, ఇట్రియం అట్లా మిగిలిపోయినవే. తెల్లటి ఫెల్‌స్పార్‌లో, పలుగురాయిలో అక్కడక్కడా నల్లటి ముద్దలుగా కనిపించేవి వీటి ఖనిజాలే. గ్రిద్దలూరు దగ్గరి శంకర గనిలో దొరికిన సమర్‌స్కైట్‌ను ప్రపంచ ఖనిజశాస్త్ర గ్రంథాలు పేరుపెట్టి చెబుతాయి.

ఆ నల్లటివాటిలో ఎక్కువగా కనిపించేది టూర్మలీన్. అది నిలువు గీతలున్న కడ్డీల్లా పెరుగుతుంది, అదే పరిమాణం నీటికి మూడింతల బరువు తూగుతుంది. సమర్‌స్కైట్ ఐదు రెట్లకు పైనే తూగుతుంది. పలుగురాయి రెండున్నర రెట్లకు కాస్త పైన మాత్రమే. పలుగురాయి ఎత్తీ ఎత్తీ అలవాటైన చెయ్యి సమర్‌స్కైట్ ముక్కను పట్టుకోగానే కిందికి వంగుతుంది. విరిగిన చోట గాజు పగిలినట్టు గుంటలు గుంటలుగా ఉండి, నల్లటి వెల్వెట్ మీద నూనె రాసినట్టు మెరుస్తుంది. గ్లేజు లేని పింగాణీ పెంకు మీద రుద్దితే ఎరుపు కలిసిన ముదురు గోధుమరంగు గీత పడుతుంది. టూర్మలీన్ పెంకుకన్నా గట్టిది కాబట్టి దానికి రంగు గీత పడదు. మాగ్నటైట్ అయితే గీత నల్లగా పడుతుంది, పైగా అయస్కాంతానికి అతుక్కుంటుంది.

ఈ పరీక్షలన్నీ పేర్లు తెలియకుండానే మామకు వచ్చు. అల్లుడు వాటికి అంకెలు వేస్తాడు, అంతే తేడా. ఒక్క చోట మాత్రం మామ చెయ్యి ఓడిపోతుంది. కొలంబైట్, టాంటలైట్ అనే మరో నల్ల జంట అవే గనుల్లో ఉంది. టాంటలమ్ పెరిగే కొద్దీ దాని బరువు 5.2 నుంచి 8 దాకా పోతుంది. గీత రంగు కూడా దగ్గర దగ్గరే. సమర్‌స్కైట్‌ను దాన్నుంచి విడదీయాలంటే అందులోని యురేనియాన్ని పట్టే గైగర్ కౌంటర్ కావాలి, ఆ తర్వాత రసాయన విశ్లేషణ కావాలి. అల్లుడు ఆ రాయిని చూసిన రోజే మామ పడకగదిలోనుంచి తీయించి, వేరే డబ్బాలో పెట్టి, వాడుకలో లేని గదిలో పెట్టించాడు. యురేనియం ఉన్న రాయిని తల దగ్గర పెట్టుకుని పడుకోకూడదు, దాన్ని దంచి ధూళి పీల్చకూడదు. ఈ విషయంలో మామ ఎదురు చెప్పలేదు.

పేరు దగ్గర మాత్రం వదల్లేదు.

“సరే, నల్లరాయి వద్దు. లోపల ఏముండాదో అది పెట్టు. చదివేవాడికి వెంటనే తెలియాల కదా?”

“అదే పని చేసి చూశారు మామా. ఎనిమిదేళ్లకు మించి నిలబడలేదు.”

అల్లుడు చెప్పిన కథ యూరల్ పర్వతాలది. 1829లో హంబోల్ట్‌తో కలిసి రష్యా తిరిగిన జర్మన్ ఖనిజశాస్త్రవేత్త గుస్తావ్ రోజె, మియాస్ దగ్గరి ఇల్మెన్ కొండల్లో దొరికిన ఈ నల్ల ఖనిజాన్ని 1839లో వర్ణించాడు. అందులో యురేనియం, టాంటలమ్ ఉన్నాయనుకుని యురనోటాంటలమ్ అని పేరు పెట్టాడు. మామ అడిగిన పద్ధతే అది. తర్వాత అతని అన్న హైన్రిష్ రోజె, బెర్లిన్‌లో పేరున్న రసాయనశాస్త్రవేత్త, మళ్లీ విశ్లేషించాడు. ప్రధానంగా ఉన్నది టాంటలమ్ కాదు, నయోబియం అని తేలింది. పేరే అబద్ధమయింది. దాంతో 1847లో ఆయన దానికి సమర్‌స్కైట్ అని కొత్త పేరు పెట్టాడు.

“టాంటలమ్‌నూ నయోబియాన్నీ గుర్తుపట్టలేకపోయినారా, అంత చదువుకున్నోళ్లు?”

గుర్తుపట్టలేకపోవడానికి కారణం ఉంది, అది వాళ్ల తెలివితక్కువతనం కాదు. ఈ రెండు లోహాల పరమాణువులు పరిమాణంలో దాదాపు ఒకటే, రసాయన ప్రవర్తనలోనూ కవలలు. 1801లో లండన్‌లో చార్ల్స్ హాచెట్, అమెరికా నుంచి వచ్చిన ఒక నల్లరాయిలో కొత్త మూలకం కనిపెట్టి కొలంబియం అన్నాడు. మరుసటి ఏడు స్వీడన్‌లో ఎకెబర్గ్ టాంటలమ్ కనిపెట్టాడు. 1809లో వొలాస్టన్ రెండూ ఒకటేనని తేల్చేశాడు, అది పొరపాటు తీర్పు. 1844లో హైన్రిష్ రోజె మళ్లీ విడదీసి, గ్రీకు పురాణంలో టాంటలస్ కూతురు నయోబీ పేరు మీద నయోబియం అన్నాడు. అక్కడితో ఆగకుండా మూడోది కూడా ఉందని పెలోపియం అన్నాడు. మాస్కోలో హెర్మన్ నాలుగోది ఉందని ఇల్మేనియం అన్నాడు. 1860లలో మారిన్యాక్ వంటివాళ్లు శ్రద్ధగా తూచి చూసేసరికి పెలోపియం, ఇల్మేనియం గాలికి పోయాయి. కొలంబియం, నయోబియం ఒకే మూలకానికి రెండు పేర్లుగా ఇంకో ఎనభై ఏళ్లకు పైగా నడిచాయి. 20వ శతాబ్దం మధ్యలోగానీ అంతర్జాతీయ రసాయన సంఘం నయోబియం వైపు తీర్పు చెప్పలేదు.

“అందుకే మామా, లోపలుండేదాన్ని బట్టి పేరు పెడితే విశ్లేషణ మారినప్పుడల్లా పేరు మార్చాల. అర్థం లేని పేరు పెడితే ఆ గొడవ లేదు. మనిషి పేరు ఎప్పటికీ తప్పు కాదు.”

“ఎవరా మనిషి?”

“వాసిలీ సమార్‌స్కీ-బిహోవెత్స్. రష్యా గనుల ఇంజనీర్ల దళంలో పెద్ద అధికారి.”

“ఆ రాయి ఆయన కనుక్కున్నాడా?”

“లేదు. పరీక్షకు నమూనాలు ఇప్పించాడు.”

మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు పెంచకుండానే అడిగాడు. “అంటే తవ్వినోడి పేరు కాదు, తూచినోడి పేరు కాదు. సంతకం పెట్టినోడి పేరు.”

ఈ మాటకు అల్లుడి దగ్గర జవాబు ఉంది. నమూనా చేతికి రాకపోతే బెర్లిన్‌లో రోజె ఏమీ చేయలేడు. అధికారి చెయ్యి లేకుండా అట్లాంటి నమూనా దొరకడం కష్టం. శాస్త్రవేత్త కృతజ్ఞత చెప్పుకున్నాడు. జవాబు నిజమే, కాని మామ అడిగినదానికి అది చాలదు. గనిలోకి దిగి రాయిని బయటికి తెచ్చిన చెయ్యి ఒకటి ఉంటుంది. ఖనిజాల పేర్ల పట్టికలో దొరలు, డైరెక్టర్లు, ఆచార్యులు, సంపన్నులైన సేకర్తలు వరసగా కనిపిస్తారు, ఆ చెయ్యి ఎక్కడో గాని కనిపించదు. ఇప్పుడు ఆరువేలకు పైగా ఉన్న ఖనిజాలకు కొత్త పేరు చేర్చాలంటే అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం కమిషన్ ఆమోదించాలి. తన పేరు తనే పెట్టుకోకూడదు, బతికున్నవారి పేరు పెడితే వారి అనుమతి కావాలి, మూల నమూనాను మ్యూజియంలో భద్రపరచాలి. ఇన్ని మంచి నియమాల్లో తవ్వినవాడి ప్రస్తావన లేదు. మామ పట్టుకున్నది అసలైన లోటునే.

అల్లుడు వేరే వైపు నుంచి వచ్చాడు. సమార్‌స్కీ 1870లో చనిపోయాడు. 1879లో ఫ్రెంచి శాస్త్రవేత్త లకాక్ ద బ్వాబోద్రాన్ ఈ ఖనిజం నుంచే ఒక కొత్త మూలకాన్ని వేరుచేసి, ఖనిజం పేరు మీద సమేరియం అన్నాడు. మరుసటి ఏడు మారిన్యాక్ ఇదే ఖనిజంలో తర్వాత గడోలినియం అనిపించుకున్న మూలకం జాడ పట్టాడు. 1901లో సమేరియం అనుకున్నదానిలోంచే యూరోపియం బయటపడింది. అర్థం లేని పేరనుకున్నది మూలకాల పట్టికలోకి ఎక్కింది. సమేరియం, కోబాల్ట్ కలిపి చేసే అయస్కాంతాలు బాగా వేడెక్కినా బలం కోల్పోవు కాబట్టి విమానాల్లో, ఉపగ్రహాల్లో వాడతారు. సమేరియం-153 అనే రేడియోధార్మిక రూపాన్ని, కేన్సర్ ఎముకలకు పాకినప్పుడు నొప్పి తగ్గించడానికి ఇస్తారు.

“ఎముకల నొప్పికా?” మామ మొదటిసారి ఆసక్తిగా ముందుకు వంగాడు. పుత్తూరు పేరు నాలుగు రాష్ట్రాల్లో తెలిసింది ఎముకల కట్టు వల్లనే. విరిగిన చెయ్యితో, కాలితో మద్రాసు నుంచి, బెంగళూరు నుంచి ఈ ఊరికి వస్తారు. ఆ కట్టును పుత్తూరు కట్టు అంటారు. “చూస్తివా, మంచి వస్తువుకు ఊరి పేరే నిలబడింది. మా గనిలో సమేరియం తీస్తారా అయితే?”

“దీంట్లోనుంచి తీయరు మామా. ఇది అంత దొరకదు. సమేరియం ఎక్కువగా వచ్చేది మోనజైట్ నుంచి, ఇంకా అట్లాంటి ఒకటి రెండు ఖనిజాల నుంచి.”

“దాని పేరు పెట్టుకున్న లోహం దాన్నుంచి రాదు!”

అల్లుడు దీన్ని తన వాదానికే మలుచుకున్నాడు. మోనజైట్‌కు 1829లో బ్రైథాప్ట్ పెట్టిన పేరుకు మూలం ఒంటరిగా ఉండడమనే గ్రీకు మాట. ఆయన చూసిన స్ఫటికాలు అక్కడొకటి ఇక్కడొకటి, విడివిడిగా, అరుదుగా ఉండేవి. అదే మోనజైట్ భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం దాకా సముద్రపు ఇసుకలో పోగులు పోగులుగా ఉంది. దేశంలో అన్నిటికంటే ఎక్కువ మోనజైట్ నిల్వలు ఆంధ్ర తీరంలోనే అని అణుఖనిజాల డైరెక్టరేట్ లెక్క. లక్షణాన్ని బట్టి పెట్టిన పేరు ఇంకో తీరంలో తిరగబడుతుంది. ఈ పాయింటు గట్టిది, మామ దీనికి బదులు చెప్పలేదు.

ఊరి పేరు సంగతి ఎత్తుకున్నాడు. “మరి లోపలుండేది వద్దు, లక్షణమూ వద్దు. ఊరి పేరు పెట్టు. ఊరు యాడికీ పోదు కదా.”

ఆ మాట అంటూ అతను చూపించిన వైపు నగరి కొండ ఉంది. సముద్రంలో పోయే ఓడలవాళ్లు దాని కొసను ఒకప్పుడు నగరి ముక్కు అని గుర్తుపెట్టుకునేవాళ్లు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన పెద్ద గ్రంథంలో పేర్లన్నీ ఈ నేలవే, పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ. నగరి క్వార్ట్జైట్ అనే పేరు ఇప్పటికీ చెలామణిలో ఉంది. విజయనగరం జిల్లా గరివిడి పక్కనున్న కోడూరు మాంగనీసు గనుల పేరు మీద భూగర్భశాస్త్రవేత్త ఫెర్మర్ ఒక శిలకు కోడురైట్ అని పేరు పెట్టాడు. తెలుగు ఊళ్ల పేర్లు ప్రపంచ భూగర్భశాస్త్రంలో ఇట్లా కొన్ని నిలిచాయి.

“శిలలకు సరే మామా. శిల అంటే ఇన్ని ఖనిజాల కలయిక, ఊరి పేరు పెట్టినా తంటా లేదు. ఖనిజానికి పెట్టినప్పుడు చూడు.”

ఫెర్మరే మధ్యప్రదేశ్‌లోని సీతాపార్ ఊరి పేరుతో సీతాపరైట్ అని ఒక మాంగనీసు ఖనిజానికి పేరు పెట్టాడు. తర్వాత అది అంతకుముందే అమెరికాలో దొరికిన బిక్స్‌బైట్ అని తేలింది. ముందు పెట్టిన పేరుదే హక్కు కాబట్టి సీతాపార్ చెరిగిపోయింది. నాగపూర్ దగ్గరి బేల్‌డోంగ్రిలో, మన గరివిడిలో దొరికినదానికి తన సహోద్యోగి వ్రెడెన్‌బర్గ్ పేరు పెట్టాడు. సూక్ష్మదర్శిని కింద చూస్తే అది ఒక ఖనిజమే కాదు, జాకబ్‌సైట్, హౌస్‌మనైట్ అనే రెండు సన్నగా అల్లుకుపోయిన ముద్ద. ఊరి పేరైనా పోయింది, మనిషి పేరైనా పోయింది.

“అప్పుడు నీ మాట కూడా పోయింది కదరా” అన్నాడు మామ. “మనిషి పేరు ఎప్పటికీ తప్పు కాదంటివి.”

“పేరు తప్పు కాలేదు. ఆ వస్తువే లేదు.”

“రెండిటికీ తేడా ఏంది?”

తేడా ఉంది, కాని అల్లుడు అనుకున్నంత పెద్దది కాదు. సమర్‌స్కైట్ సంగతే చూస్తే తెలుస్తుంది. అందులోని యురేనియం కోట్ల ఏళ్లుగా విచ్ఛిన్నమవుతూ, తనున్న ఇంటినే లోపలి నుంచి పడగొడుతుంది. పరమాణువుల వరసలు చెదిరిపోయి, బయటికి స్ఫటికం ఆకారమే ఉన్నా లోపల గాజులా అయిపోతుంది. దీన్ని మెటామిక్ట్ స్థితి అంటారు. అందుకే అది గాజులా పగులుతుంది. ఎక్స్-కిరణాలు వేస్తే ఖనిజం గుట్టు చెప్పే గీతలు రావు. గట్టిగా వేడిచేస్తే చిటపటలాడి, ఒక్కసారి వెలిగి, మళ్లీ స్ఫటికంగా మారుతుంది. అయితే ఎంత వేడి చేశామన్నదాన్ని బట్టి వేరు వేరు నిర్మాణాలు వస్తాయి, అసలు మొదట ఎట్లా ఉండేదో చెప్పలేము. పేరు పెట్టి నూట డెబ్భై ఏళ్లయినా సమర్‌స్కైట్ అంటే ఏమిటో పూర్తిగా తేలకపోవడానికి కారణం ఇదే.

తేల్చింది జర్మనీలోని ఒక అగ్నిపర్వతం. లాహర్ జే సరస్సు దగ్గర పదమూడు వేల ఏళ్ల కింద పేలి అది విసిరిన రాళ్లలో సమర్‌స్కైట్ స్ఫటికాలు చిన్నవి దొరికాయి. పదమూడు వేల ఏళ్లు వాటిని చెడగొట్టడానికి చాలవు. బ్రిత్విన్, ఆయన సహచరులు 2019లో వాటి నిర్మాణం తేల్చి, సమర్‌స్కైట్‌ను కొత్తగా నిర్వచించారు. ఇట్రియం, ఇనుము, రెండు నయోబియం, ఎనిమిది ఆక్సిజన్, వాటి స్థానాలు ఇవీ అని. దాని అధికారిక నామం ఇప్పుడు సమర్‌స్కైట్-వై. అరుదైన మృత్తిక లోహాల్లో ఏది ఎక్కువుంటే దాని గుర్తు చివర తగిలించాలని 1966లో లెవిన్సన్ చెప్పిన పద్ధతి అది.

మామ ఇక్కడ పట్టేశాడు. “తోకలో లోపలుండేదాన్ని చేర్చినారు కదా. నేను మొదట చెప్పింది అదే.”

“తోకలోనే మామా. తల మారలేదు.”

“తల నీది, తోక నాది అనుకో. ఇప్పుడు నా రాయి దీంట్లో ఏది? దానికి ఆ పేరు చెల్లుతాదా?”

అల్లుడు నిజాయితీగానే చెప్పాడు. కొత్త నిర్వచనం ప్రకారం చూస్తే, విశ్లేషణ చేయకుండా సమర్‌స్కైట్-వై అని రాయకూడదు. ఇట్రియం కన్నా యురేనియమో, మరొకటో ఎక్కువుంటే పేరు వేరు. గూడూరు పెగ్మటైట్లు వంద కోట్ల ఏళ్లు పైబడినవి, ఈ ముక్క పూర్తిగా గాజయిపోయి ఉంటుంది. ఇప్పటికి సమర్‌స్కైట్ వర్గం అని మాత్రమే రాయగలడు.

“అంటే నువ్వు ఇంతసేపు కాపాడిన పేరు నువ్వే రాయలేవు.”

“పేరు రాయలేను. గని పేరు, ఊరి పేరు, ఎంత లోతులో దొరికింది, పక్కన ఏ రాయి ఉండింది, అవి మాత్రం కచ్చితంగా రాయాల. అవి నువ్వు చెబితేనే తెలుస్తాయి.”

ఇది మామను బుజ్జగించడానికి అన్న మాట కాదు. దొరికిన చోటు తెలియని నమూనాకు ఖనిజశాస్త్రంలో విలువ దాదాపు లేనట్టే. పేరు రేపు యంత్రం చెబుతుంది, చోటు ఏ యంత్రమూ చెప్పదు. నెల్లూరు మైకా గనులకు సోవియట్ దేశం పెద్ద కొనుగోలుదారు. 1991లో అది కూలిపోయాక గనులు వరసగా మూతపడ్డాయి, గుంటల్లో నీళ్లు నిండాయి. ఏ గుంటలో ఏ అడుగున ఏముందో తెలిసినవాళ్ల వయసు ఇప్పుడు మామ వయసే. ఇటు ఆ లోహాల అవసరం ఏటేటా పెరుగుతోంది. సెల్‌ఫోన్లలోని సన్నటి కెపాసిటర్లకు టాంటలమ్, ఎంఆర్‌ఐ యంత్రాల అయస్కాంతాలకు నయోబియం కావాలి. 2023లో కేంద్రం గనుల చట్టాన్ని సవరించి, అణుఖనిజాల జాబితాలో ఉన్న నయోబియం, టాంటలమ్ ఖనిజాలను బయటికి తీసి కీలక ఖనిజాల్లో చేర్చింది. అదే ఏడు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు అనంతపురం జిల్లా శిలల్లో అల్లనైట్, మోనజైట్, కొలంబైట్, పైరోక్లోర్ వంటివి గుర్తించామని చెప్పారు. ఈ పరిస్థితుల్లో పాత గని పనివాళ్ల జ్ఞాపకాలను ఎవరూ కూర్చుని రాసుకోకపోవడం శాస్త్రానికే నష్టం.

మామ చెప్పాడు. గని పేరు, షాఫ్టు, ఎన్ని నిచ్చెన్ల కింద, ఫెల్‌స్పార్ పొరకు ఏ పక్క. అల్లుడు రాసుకున్నాడు. చివరి గడి దగ్గర మళ్లీ ఆగారు. అక్కడ ‘ఇచ్చినవారు’ అని ఉంది.

“నీ పేరు రాస్తా.”

“నేను మేస్త్రీని. పైన నిలబడి ఎత్తించుకున్నా. కింద దిగి సుత్తి వేసినోళ్లు ముగ్గురు. వాళ్ల పేర్లు నాకు తెలుసు, ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్లవి రాయి.”

“తవ్వినవారు అని గడి లేదు మామా.”

“లేకపోతే గీయి.”

అల్లుడు స్కేలు తీసుకుని గడి గీశాడు గాని, ప్రిన్సిపాల్‌ను అడగకుండా అచ్చు లేబుల్ మార్చడం కుదరదన్నాడు. మామ ఒప్పుకోలేదు. ఆ గడి లేకుండా రాయి కదలదన్నాడు. విశ్లేషణకు మూలనుంచి గోరంత ముక్క కోసి తిరుపతి లాబ్‌కు తీసుకుపోవడానికి మాత్రం సరేనన్నాడు. అది కూడా కోసేటప్పుడు తానుంటానని, ధూళి ఎగరకుండా నీళ్లు పోస్తూ కోయాలని, ఏ వైపు కోయాలో తానే చూపిస్తానని చెప్పాడు.